నేనొచ్చేదాకా రోజూ ఒక చుక్క

జూన్ 3

అత్తా,

ఇక్కడ నేనూ, మా మేస్త్రీ తిట్లూ క్షేమం. అక్కడ నువ్వూ, నీ కుట్టుమిషనూ, కాజాల పిన్నీ క్షేమమని తలుస్తాను.

నా పోయిన ఉత్తరానికి ఎర్ర పెన్సిలుతో సున్నాలు చుట్టి తిప్పి పంపావు. పదకొండు తప్పులు. అంతకుముందు దాంట్లో పంతొమ్మిది. బాగుపడుతున్నాననేగా? "బడి మానేస్తే మానేశావు, ఉత్తరం మాత్రం మానకు" అని ఏ ముహూర్తాన అన్నావో గానీ, ఫోను జేబులో పెట్టుకుని పోస్టాఫీసు క్యూలో నిలబడేవాణ్ణి ఈ ఊళ్ళో నేనొక్కణ్ణే.

ఇక ఇంజను సంగతి. మన బొమ్మ రైలింజను ఆగిపోయిందంటే నాకేం ఆశ్చర్యం వెయ్యలేదు. మన చేతికి వచ్చేటప్పటికే అది ముసలిది. ఎవరో ఆడి ఆడి పాత సామాన్ల కొట్లో పడేసింది. అలాంటిదాని చేత, గోడల మీద పట్టాలు వేసి, నీ టైలరింగు కొట్టు నాలుగు గోడల చుట్టూ ప్రదక్షిణాలు చేయించాం. కళ్ళు తిరిగి పడిపోయుంటుంది పాపం.

నా మాట విను. దాన్ని పారెయ్. ఇక్కడ బజార్లో ఒక అద్దాల కొట్లో కొత్త ఇంజను చూశా. పొడుగ్గా, నల్లగా, ముందు లైటుతో. కూత కూడా వేస్తుంది. రేపే కొని పార్సిల్ చేస్తున్నా. వద్దనకు. నేను ఇవ్వగలిగినప్పుడు కూడా నువ్వు పుచ్చుకోకపోతే ఇంకెప్పుడివ్వాలి?

ఇక్కడి పని మామూలే. కాలిపోయిన మోటార్లు రావడం, మేం తీగ చుట్టడం, మేస్త్రీ తిట్టడం. ఐదు నెలలయింది. నాకిది రికార్డే. లిఫ్టులు బిగించే కంపెనీ వాళ్ళు నన్ను అడుగుతున్నారు. ఈ నెలాఖరుకి చెప్పాలట. చూస్తా.

నీ బొంగరం

జూన్ 9

ఒరేయ్ బొంగరం,

ఉత్తరం అందింది. తొమ్మిది తప్పులు. మెచ్చుకోను, దిష్టి తగులుతుంది.

పారెయ్ అని ఎంత తేలిగ్గా రాశావురా! ఆ ఇంజను నా కొట్లో ఏం పని చేస్తుందో మర్చిపోయావా? జూన్ నెల. బళ్ళు తెరుస్తున్నారు. పొద్దున కొట్టు తెరిచేసరికే యూనిఫాంల కోసం పిల్లలు బారులు తీరి ఉంటారు. నిక్కరుకి కొలత తీద్దామని టేపు పెడితే ఒకడు గిరుక్కున తిరుగుతాడు, ఒకడు చక్కిలిగింతలని మెలికలు తిరుగుతాడు. ఇంజను నడుస్తుంటేనా, నోరు తెరుచుకుని పైకి చూస్తూ శిలల్లా నిలబడతారు. దారాల అల్మరా దాటి జిప్పుల సొరుగు మీది మలుపు తిరిగి వచ్చేలోపు నడుం, పొడుగు, భుజం అన్నీ అయిపోతాయి. నాకున్న సహాయకుడు అదొక్కటే.

అది ఆగాక పది రోజుల్లో మూడు నిక్కర్లు పాడుచేశాను. ఒకదానికి ఒక కాలు పొట్టి, ఒక కాలు పొడుగు. వాళ్ళమ్మ "మావాడు కుంటివాడనుకున్నారా?" అని అడిగింది. పక్కనే కాజాలు కుట్టుకుంటూ మన కాజాల పిన్ని ఉందిగా, నోరు ఊరుకోదు. "పెరుగుతాడమ్మా, ఒక్కో కాలూ ఒక్కోసారి" అంది. ఇంకేముంది, పెద్ద రభస.

కొత్తది కొనకు. నీ మాట అందకముందే పాతదాన్ని గుడ్డ ముక్కల్లో చుట్టి నీకు పంపించేశాను. ఈపాటికి చేరుతుంది. మోటార్లు బాగుచేసే చోట ఉండి మన మోటారు పారెయ్యమనడం, తోటమాలి ఇంట్లో పువ్వు లేకపోవడం లాంటిది.

లిఫ్టుల పనంటావా. పైకీ కిందకీ తిరిగే పని, నీకు బాగానే ఉంటుంది. మీ నాన్న మాత్రం తక్కువా? లారీ ఎక్కినవాడు దిగడు. నా తమ్ముడికీ వాడి కొడుక్కీ దేవుడు కాళ్ళిచ్చాడు గానీ బ్రేకులివ్వలేదు. వెళ్ళేదైతే వెళ్ళు. వెళ్ళే ముందు మాత్రం ఇంజను బాగుచేసి పంపు.

అత్త

జూన్ 13

అత్తా,

మన పార్సిళ్ళు దారిలో ఎదురుపడి పలకరించుకుని ఉంటాయి. నేను కొత్తది పంపేశాక నీ ఉత్తరం, నీ ఉత్తరం వెంట పాతది. కొత్తది చేరిందా? ఎలా ఉంది?

పాతదాన్ని మధ్యాహ్నం బల్ల మీద పెట్టి స్క్రూడ్రైవరు తీశానో లేదో, మేస్త్రీ వెనక నుంచి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "చీటీ ఏది?" అన్నాడు.

మా దగ్గరొక పద్ధతుంది. ఏ మోటారు వచ్చినా, విప్పే ముందు వాడినవాళ్ళని అడిగి చీటీ రాయాలి. చీటీ లేనిదే స్క్రూ కదపకూడదు. "ఇది మాదేనండీ, మా అత్తది" అన్నా. "మీ అత్తదైతే మీ అత్తనే అడుగు" అన్నాడు. ఇంజను పట్టుకెళ్ళి తన అల్మరాలో పెట్టి తాళం వేసుకున్నాడు. చూశావా, నా ఇంజను మీద నాకే హక్కు లేదు!

ఇవి చీటీలోని ప్రశ్నలు. ఆగింది ఎప్పుడు, ఆగే ముందు చప్పుడేమైనా చేసిందా? అందులో నూనె గానీ ఇంకేదైనా గానీ ఎవరు పోశారు, ఎంత పోశారు? మీ దగ్గరికి వచ్చినప్పుడు దాని పరిస్థితి ఏమిటి? త్వరగా రాయి.

బొంగరం

జూన్ 18

శ్రీయుత మేస్త్రీ గారి శిష్యులవారికి,

తమరు పంపిన ప్రశ్నాపత్రం అందినది. ఎవరు పోశారు, ఎంత పోశారు అని అడిగితిరి. దొంగతనం కేసులో కూడా ఇంత నిలదీయరు. నేను ముద్దాయినని తెలియక ఇన్నాళ్ళూ తలెత్తుకుని తిరిగాను, క్షమించగలరు.

తమరు పంపిన కొత్త ఇంజను చేరినది. బ్రహ్మాండంగా ఉన్నది. లైటు వెలుగుతున్నది. కూత వేస్తున్నది. పిల్లలు ముచ్చటపడుతున్నారు. పాతదాని కోసం తమరు శ్రమపడనక్కర్లేదు.

తమ ఉత్తరంలో తప్పులు లెక్కపెట్టలేదు. తీరిక లేదు.

ఇట్లు, నూనె పోసినామె

జూన్ 22

అత్తా, అత్తా, అత్తా,

కోపం వద్దు. నీ ఉత్తరం చదివి నాకు అన్నం సహించలేదు. నన్ను "తమరు" అన్నావు! చిన్నప్పుడు నీ కత్తెరతో నేను పతంగి కాగితం కోసినప్పుడు కూడా నువ్వు నన్ను మీరు అనలేదు.

నీ ఉత్తరం మేస్త్రీకి చూపించా. ఆయన నవ్వగా నేను చూడటం ఇదే మొదటిసారి. "ఇదిరా ఆత్మాభిమానం, నేర్చుకో" అన్నాడు. తర్వాత నీకు అర్థమయ్యేలా రాయమన్నాడు, అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నా. ఇది నీకు చెప్పకూడదనుకున్నా.

మార్చిలో ఒకాయన నీళ్ళ మోటారు తెచ్చాడు. నాకు తొందర కదా, చీటీ గీటీ లేకుండా పైపైన చూసి కరెంటు ఇచ్చా. భగ్గుమంది. రెండు రోజులు అది నీళ్ళలో మునిగి ఉందట. ఒక్క మాట అడిగుంటే ఆయనే చెప్పేవాడు. మేస్త్రీ ఆ పూట నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "మోటారు మాట్లాడదురా. దాన్ని వాడిన మనిషి మాట్లాడుతుంది. ఆ మనిషిని అడగకుండా విప్పావంటే నువ్వు రిపేరువాడివి కాదు, తాళాలు పగలగొట్టేవాడివి" అన్నాడంతే. కొత్త మోటారు మేస్త్రీయే తన డబ్బుతో కొనిచ్చాడు. నా జీతంలో ఏమీ పట్టుకోలేదు.

కాబట్టి ఆ ప్రశ్నలు నిన్ను పట్టుకోవడానికి కాదు. పోలీసు ప్రశ్నలు కావు, డాక్టరు ప్రశ్నలు.

కానీ కొత్తది అంత బాగుందంటే ఇక పాతదాన్ని ఏం చెయ్యమంటావు? నిజం చెప్పు. నువ్వు వద్దంటే మేస్త్రీ అల్మరా లోంచి తీసి తుక్కులో వేసేస్తా. లిఫ్టు వాళ్ళకి ముప్పయ్యో తారీకున చెప్పాలి. చేతిలో ఈ పని మిగిలి ఉండగా వెళ్ళడం నాకిష్టం లేదు.

నీ ఉత్తరం కోసం గుమ్మంలోనే నిలబడి ఉన్న,
బొంగరం

జూన్ 26

ఒరేయ్,

తుక్కులో వేశావంటే కాళ్ళు విరగ్గొడతాను. ఆగు. నిజం చెబుతున్నా.

నీ కొత్త ఇంజను మంచిదే. నీ మనసూ మంచిదే. కానీ అది పొడుగు ఎక్కువ, మన మలుపు ఇరుకు. జిప్పుల సొరుగు దగ్గరికి రాగానే ఒంగలేక కింద పడుతోంది. మొదటిసారి గుండీల డబ్బాలో పడింది. రెండోసారి కాజాల పిన్ని ఒళ్ళో పడింది, పైగా కూత వేస్తూ. ఆమె పెట్టిన కేక ముందు ఆ కూత ఎంత? అప్పట్నుంచి ఆ పక్కకి వెళ్ళాలంటే తల మీద కొలతల పుస్తకం పెట్టుకుని వెళ్తోంది. ఇవన్నీ రాస్తే నువ్వు చిన్నబుచ్చుకుంటావని బ్రహ్మాండం అని రాశాను. మేనల్లుడు మొదటిసారి ప్రేమగా కొనిపెట్టింది, బాగోలేదని ఎలా అనను?

ఇక మీ మేస్త్రీ గారి ప్రశ్నలు.

ఆగింది మే ఇరవై ఎనిమిదిన, పొద్దున్నే. అంతకుముందు వారం నుంచీ గురక పెట్టినట్టు చప్పుడు చేసేది. మలుపు దగ్గర నేను వేలితో కాస్త తోసేదాన్ని.

నూనె నేనే పోశాను. ఇంకెవరు పోస్తారు? నువ్వు ఇల్లు వదిలిన రోజు చీటీ రాసి మిషను సొరుగులో అంటించి వెళ్ళావు. ఆ చీటీ ఇందులో పెడుతున్నా, జాగ్రత్తగా తిప్పి పంపు. "అత్తా, నేనొచ్చేదాకా ఇంజనుకి రోజూ ఒక చుక్క నూనె వెయ్యి. నెలలో వచ్చేస్తా." అదీ నువ్వు రాసింది. రోజూ పొద్దున మిషనుకి నూనె వేసి, అదే డబ్బాతో దానికీ ఒక చుక్క. ఒక్క రోజు మానలేదు. నాలుగేళ్ళయింది. మధ్యలో నువ్వు రెండుసార్లు వచ్చావు, కానీ రెండుసార్లూ పొద్దున దిగి సాయంత్రం బస్సెక్కేశావు. అది రావడం కిందికి వస్తుందో రాదో నాకు తేలలేదు. అందుకని నూనె ఆపలేదు.

మూడోది. మన దగ్గరికి వచ్చినప్పుడు దాని పరిస్థితి. ఇది నీకు ఎప్పుడూ చెప్పలేదు.

తొమ్మిదో క్లాసులో నువ్వు బడికి పోనన్నావు. తిట్టాను, బతిమాలాను, కొట్టబోయాను కూడా. నువ్వు రోజంతా వీధులు కొలిచేవాడివి. కొట్లో కూర్చోమంటే కుర్చీకి ముళ్ళున్నట్టు లేచిపోయేవాడివి. అప్పుడొకరోజు పాత సామాన్ల కొట్టు ముందు నుంచి వస్తూ రెండు ఇంజన్లు చూశాను, పక్కపక్కనే. కొట్టతను ఒకటి నడిపి చూపించాడు, చక్కగా నడిచింది. రెండోది నడవదమ్మా, విడిభాగాలకి పెట్టానన్నాడు. నేను ఆ నడవనిదే అడిగాను. అతను నవ్వి, "ధర ఒకటేనమ్మా, ఇంకోసారి ఆలోచించుకో" అన్నాడు. ఆలోచించే అడిగాను. నడిచేదైతే నువ్వు రెండు రోజులు ఆడి మూలన పడేస్తావు. నడవనిదైతే కాసేపు కూర్చుంటావేమోనని ఆశ.

ఇరవై రెండు రోజులు కూర్చున్నావురా, కటింగు బల్ల కింద. అన్నానికి పిలిస్తే చెయ్యి బయటికి చాపేవాడివి. ఇరవై మూడో రోజు అది కదిలింది. ఆ రోజు నాకు నిద్ర పట్టలేదు. నా తమ్ముడి కొడుక్కి ఏదో ఒకటి చేతనవుతుంది అనుకున్నాను.

ఇదీ చీటీ. మీ మేస్త్రీ గారికి సరిపోతుందో లేదో కనుక్కో. వెళ్ళేదైతే వెళ్ళు, నేను అడ్డుపడను.

అత్త

జూలై 2

అత్తా,

చీటీ సరిపోయింది. మేస్త్రీ మూడో జవాబు రెండుసార్లు చదివాడు. అల్మరా తాళం తీసి, ఇంజను బల్ల మీద పెట్టి, తను కూర్చునే ముక్కాలిపీట నా వైపు తోశాడు. ఈ ఆరు నెలల్లో ఆ పీట మీద ఇంకెవరూ కూర్చోగా నేను చూడలేదు. "విప్పు" అన్నాడు.

విప్పా. లోపల మోటారు కనపడలేదు. పరుపు కనపడింది.

అర్థమయిందా? కొట్లో గాల్లో తేలే దారాల నూగు ఉంటుంది కదా, రోజూ సాయంత్రం నువ్వు చీపురుతో ఊడ్చేది. అది ఆ నూనెకి అంటుకుంది. మర్నాడు ఇంకో చుక్క, ఇంకాస్త నూగు. నాలుగేళ్ళు. చక్రాలకీ, మోటారుకీ మధ్య అట్టకట్టుకుపోయింది. ఊపిరాడక ఆగిపోయింది. నూనె తక్కువై చచ్చే మోటార్లు మా దగ్గరికి బోలెడొస్తాయి. ప్రేమ ఎక్కువై ఆగింది ఇదే మొదటిదన్నాడు మేస్త్రీ.

తప్పు నీది కాదు. ముమ్మాటికీ నాది. రోజూ అని రాసిన వెధవని నేను. పద్నాలుగేళ్ళప్పుడు బాగుచేశాను గానీ, దానికి నూనె నెలకొక చుక్క చాలని నాకప్పుడూ తెలీదు, వెళ్ళేటప్పుడూ తెలీదు. నెలలో వచ్చేస్తానన్న ధైర్యంతో ఏదో ఒకటి రాసేశాను. నేను రాసిన ఒక్క ముక్కని నువ్వు నాలుగేళ్ళు పట్టుకుని ఉంటావని నాకేం తెలుసు? నా మాట మీద నేనే నాలుగు రోజులు నిలబడను.

ఆ పరుపుని చిమటాతో పొర పొరగా తీశా. అత్తా, అది నీ ఉత్తరాలన్నీ మళ్ళీ చదివినట్టుంది. పైన లేత నీలం, ఈ ఏడాది యూనిఫాం. దాని కింద ముదురాకుపచ్చ, బడివాళ్ళు రంగు మార్చి నిన్ను విసిగించిన ఏడాది. దాని కింద ఎరుపు, బ్యాండువాళ్ళ కోట్లు. అవి కుడుతూ నీ కళ్ళు మండిపోయాయని రాశావు. అన్నిటికన్నా అడుగున, మోటారుకి అంటుకుని కాస్త బూడిదరంగు. ఆ రంగు నాకు తెలుసు. వెళ్ళేటప్పుడు నువ్వు నాకు కుట్టిచ్చిన చొక్కా. ఎక్కడికి వెళ్తున్నావని అడగకుండా కుట్టావు. "జేబు లోతుగా పెట్టాను, ఏదీ పారేసుకోకు" అన్నావు.

ఆ బూడిదరంగు నూగు మాత్రం పారెయ్యలేదు. అగ్గిపెట్టెలో పెట్టా.

పెట్రోలుతో కడిగా. మోటారుకి కరెంటు అందించే కార్బన్ ముక్కలు అరిగిపోతే మార్చా. చక్రాలు రుద్దా. ఇంకొకటి ఒప్పుకోవాలి. లోపల కార్బన్లని నొక్కిపట్టే చిన్న రేకు స్ప్రింగు ఉంది. అది అప్పట్లో నేను పెట్టిందే. నీ మిషను అడుగు దారం పెట్టే బాబిన్ కేసులోంచి దొంగిలించా. పదేళ్ళయినా ఇంకా గట్టిగా ఉంది. దాన్ని మార్చలేదు.

బల్ల మీద రెండు పట్టాల ముక్కలు వేసి కరెంటు ఇచ్చా. కదిలింది. మేస్త్రీ చప్పుడు విని, "గురక పోయింది" అన్నాడు. అంటే నీ చీటీ ఆయనకి కంఠతా వచ్చేసింది.

లిఫ్టు వాళ్ళకి రానని చెప్పేశా. నేనేదో బుద్ధిమంతుణ్ణయిపోయానని అనుకోకు, కాళ్ళు ఇప్పటికీ దురద పెడుతూనే ఉన్నాయి. కానీ నడవనిది ముందు పెడితేనే నేను కూర్చుంటానని నాకంటే ముందు నీకు తెలిసింది. ఇక్కడ రోజూ పొద్దున తలుపు తీస్తే నడవనివే వస్తాయి. ఇంకెక్కడికి పోను?

ఇంజను పార్సిల్ చెయ్యను. ఆదివారం నేనే తెస్తున్నా. మేస్త్రీ మూడు రోజులు సెలవిచ్చాడు. రెండు రాత్రులు ఉంటా, అది రావడం కిందికే వస్తుంది. చీటీ కూడా జేబులోనే ఉంది, లోతు జేబులో. అప్పటిదాకా నూనె డబ్బా ముట్టుకోకు. ఇక నుంచి నెలకొక చుక్కే. ఆ చుక్క నేనే వచ్చి వేస్తా.

థాంక్స్ అని రాద్దామనుకున్నా. రాస్తే నువ్వు ఎర్ర పెన్సిలుతో సున్నా చుడతావు. అందుకే రాయడంలేదు.

నీ బొంగరం

సెప్టెంబర్ 8

ఒరేయ్ బొంగరం,

నిన్న నువ్వు బస్సెక్కాక కొట్టుకి వచ్చేసరికి ఒక పిల్ల గౌనుకి కొలత ఇవ్వడానికి వచ్చింది. ఇంజను చూస్తూ ఎంత బుద్ధిగా నిలబడిందంటే, కొలత అయిపోయిందమ్మా అన్నా కదల్లేదు. నువ్వు పంపిన పొడుగుదాన్ని కింద పెట్టాను. వంతు కోసం కూర్చున్న పిల్లలు నేల మీద తోసుకుంటూ ఆడుకుంటున్నారు. అక్కడ దానికి మలుపు బెంగ లేదు. కాజాల పిన్ని కూడా తల మీంచి పుస్తకం దించింది.

స్ప్రింగు దొంగతనం నాకు అప్పుడే తెలుసులే. అడుగు దారం వదులైపోయి వారం రోజులు కుట్టినవన్నీ ఊడొచ్చాయి. నువ్వు బల్ల కింద అంత శ్రద్ధగా ఉంటే అడగబుద్ధి కాలేదు. కొత్తది కొని వేసుకున్నాను.

నువ్వు తిరిగి ఇచ్చిన చీటీ మళ్ళీ సొరుగులో అంటించాను. అన్ని ఉత్తరాలూ దిద్దాను గానీ నాలుగేళ్ళుగా దాన్ని మాత్రం దిద్దలేదు. నిన్న నువ్వు మూడో నెల చుక్క వేసి వెళ్ళాక ఎర్ర పెన్సిలు తీశాను. "రోజూ" కొట్టేసి "నెలకి" అని రాశాను.

"నెలలో వచ్చేస్తా" అన్నది కూడా కొట్టేద్దామని పెన్సిలు పెట్టాను. పెట్టి, తీసేశాను. అది ఇప్పుడు తప్పు కాదుగా.

అత్త